మధువు - వ్రణచికిత్స

ఆయుర్వేదమున మధువు ఆహారద్రవ్యమే కాక వ్రణౌషధము కూడ. సుశ్రుతసంహిత సూత్రస్థానము 45వ అధ్యాయమున మధువు ఎనిమిది విధములుగా విభజింపబడినది. శోధనము, సంధానము, రోపణము అనునవి దాని గుణములలో చెప్పబడినవి. శోధనమనగా వ్రణమందలి మాలిన్యమును తొలగించుట. రోపణమనగా పుండును మాన్పుట. శుద్ధిపొందని వ్రణము మానదు గనుక ఈ రెండును జంటగా చెప్పబడుట సమంజసము.

ఈ శోధనగుణమునకు ఆధునికశాస్త్రము మూడు హేతువులను చూపుచున్నది. మొదటిది నీటి కొరత. తేనెలో నీరు నూటికి సుమారు 17 నుండి 20 పాళ్లు మాత్రమే; తక్కినది చాలవరకు చక్కెరలు. అందు పడిన సూక్ష్మజీవిలోని నీటిని తేనెయే లాగివేయును. రెండవది ఆమ్లత్వము. తీపి వలన నాలుకకు తెలియకున్నను తేనె పి.హెచ్. విలువ సామాన్యముగా 3.2, 4.5ల నడుమ నుండును. మూడవది తేనెటీగ గ్రంథులనుండి తేనెలో చేరు గ్లూకోజ్ ఆక్సిడేజ్ అను ఎంజైము. గాయమున ఊరు ద్రవముతో తేనె పలుచబడినప్పుడు ఇది హైడ్రోజన్ పెరాక్సైడును కొద్దికొద్దిగా పుట్టించుచుండును. 1937లో డోల్డ్ మొదలగువారు 'ఇన్‌హిబిన్' అని పేర్కొన్న సూక్ష్మజీవినిరోధకము ఈ పెరాక్సైడేయని 1963లో వైట్, ఆయన సహచరులు నిరూపించిరి. న్యూజీలాండునందలి మనూకా తేనెలో మాత్రము మిథైల్ గ్లయాక్సాల్ అను పదార్థము ప్రధానమని 2008లో తెలిసినది.

పై ఎంజైము వేడిమికి నశించును. మధువును వేడిచేయరాదని సంహితలును నిషేధించినవి. అయితే ఈ రెంటిని ఒకటిగా భావించుట తగదు. విషపుష్పముల రసము కూడ మధువున చేరుటచే అది ఉష్ణమునకు విరుద్ధమని ప్రాచీనులు హేతువు చెప్పిరి. నిషేధము ఒకటే, హేతువులు వేరు.

మధువు సర్వసూక్ష్మజీవులను చంపునని తలచుట ప్రమాదకరము. బొట్యులిజము అను పక్షవాతవ్యాధిని కలిగించు క్లాస్ట్రీడియము యొక్క సిద్ధబీజములు తేనెలో చావక నిద్రాణములై యుండగలవు. పెద్దల ప్రేవులలో అవి సామాన్యముగా మొలకెత్తవు. శిశువుల ప్రేవులలో మొలకెత్తి విషమును పుట్టింపగలవు. ఈ శిశువ్యాధి 1976లో గుర్తింపబడినది. కావుననే ఏడాది నిండని బిడ్డకు తేనె లేశమైనను నాకింపరాదని వైద్యులు చెప్పుచున్నారు. జాతకర్మయందు నవజాతునకు మధుఘృతప్రాశనము ఆశ్వలాయనగృహ్యసూత్రమున విహితమైయున్నందున, ఈ హెచ్చరిక పురోహితులకును గృహస్థులకును మిక్కిలి అవసరము.

వ్రణములకును అంగడి తేనెను పూయుట మంచిది కాదు. వైద్యశాలలలో వాడు తేనెను గామా కిరణములతో శుద్ధిచేయుదురు. దానిచే సిద్ధబీజములు నశించును, సూక్ష్మజీవినిరోధకశక్తి నిలుచును.

చికిత్సయందు రోగి వయస్సును కూడ పరీక్షింపవలెనని చరకసంహిత విధించినది. పెద్దల వ్రణమునకు ఔషధమైనది శిశువునకు విషహేతువగుట ఆ విధి ప్రయోజనమును స్పష్టముగా చూపుచున్నది.