‘మీ పేరు లిస్టులో లేదు’: పబ్ గుమ్మం దగ్గర జల్లెడ ఎవరి చేతిలో ఉంది?

1977 డిసెంబర్ 31 రాత్రి న్యూయార్క్‌లోని స్టూడియో 54 అనే నైట్‌క్లబ్ ముందు ఇద్దరు నల్లజాతి సంగీతకారులు నిలబడ్డారు. ఒకరు నైల్ రోడ్జర్స్, ఇంకొకరు బెర్నార్డ్ ఎడ్వర్డ్స్. వాళ్ల బ్యాండ్ పేరు షిక్. వాళ్ల పాటలకు అప్పటికే క్లబ్బుల్లో జనం ఊగుతున్నారు. గాయని గ్రేస్ జోన్స్ స్వయంగా పిలిస్తే వచ్చారు. గుమ్మం దగ్గరి మనిషి వాళ్ల పేర్లు లిస్టులో లేవని వెనక్కి పంపేశాడు. ఇద్దరూ ఇంటికి పోయి, ఆ క్లబ్బును తిట్టుకుంటూ వాయిద్యాలు అందుకున్నారు. ఆ తిట్టే కొంచెం మారి మరుసటి ఏడాది ‘ల ఫ్రీక్’ పాటగా వచ్చింది, అమెరికాలో నంబర్ వన్ అయింది.

ఈ కథను సాధారణంగా విజయగాథగా చెబుతారు. మాకు ఆసక్తి ఆ పాట మీద కాదు, గుమ్మం దగ్గర ఉన్న లిస్టు మీద. ‘నువ్వు నల్లవాడివి, లోపలికి రావద్దు’ అని ఆ రాత్రి ఎవరూ అనలేదు. అనాల్సిన అవసరం రాలేదు. ‘పేరు లేదు’ అనే మాటకు రంగూ కులమూ ఉండవు. వినేవాడి దగ్గర దానికి జవాబూ ఉండదు. హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లోనో, గచ్చిబౌలిలోనో, బెంగళూరు కోరమంగలలోనో ఇవాళ పబ్ ముందు నిలబడే మన పిల్లలకు ఎదురయ్యేది ఈ మాటే. ఇంతకీ ఈ లిస్టు ఎవరు రాస్తారు? ఎలా రాస్తారు? చట్టం దీన్ని ఎలా చూస్తుంది?

ముందు ప్రమోటర్ సంగతి చూద్దాం. చాలా సందర్భాల్లో ఇతను పబ్ ఉద్యోగి కాడు. నెల జీతం ఉండదు, పీఎఫ్ ఉండదు, చేతిలో కాగితం ముక్క కూడా ఉండదు. ఎంతమందిని తెస్తే అంత కమిషన్. కాలేజీ కుర్రాళ్లు, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్లు, పార్ట్‌టైం పని వెతుక్కునేవాళ్లు ఇందులోకి వస్తుంటారు. ఇన్‌స్టాగ్రామ్ స్టోరీలో ఆ వారం పోస్టర్ పెడతారు, వాట్సాప్ గ్రూపుల్లో తిప్పుతారు. కింద ఒక ఫారం లింకు, లేదా ‘గెస్ట్‌లిస్ట్ కోసం మెసేజ్ చేయండి’ అనే మాట ఉంటుంది. అడిగే వివరాలు దాదాపు ఒకటే: పూర్తి పేరు, ఫోన్ నంబరు, ఎంతమంది అబ్బాయిలు, ఎంతమంది అమ్మాయిలు. చాలాచోట్ల ఇన్‌స్టాగ్రామ్ ఐడీ కూడా. ఈ చివరిది ఎందుకో కింద చెప్పుకుందాం.

సాయంత్రానికి లిస్టు మూసేస్తారు. ప్రమోటర్ ఆ పేర్లను పబ్ మేనేజర్‌కు పంపుతాడు. రాత్రి గుమ్మం దగ్గర ఒకరు ఫోన్‌లోనో ట్యాబ్‌లోనో చూసి టిక్ పెడుతుంటారు. ఏ ప్రమోటర్ పేరు మీద ఎన్ని టిక్కులు పడ్డాయో లెక్క కట్టి, తర్వాత ఆ మేరకు డబ్బు ఇస్తారు. పెద్ద టేబుల్ బుక్ చేయిస్తే బిల్లులో కొంత శాతం. ‘ఇన్ని గంటల లోపు వస్తేనే ఫ్రీ’ అనే షరతుకు కారణం కూడా వ్యాపారమే. తొలి గంటల్లో హాలు ఖాళీగా కనిపిస్తే తర్వాత వచ్చేవాడు వెనక్కి తిరుగుతాడు. అందుకని ముందు ఉచితంగా నింపుతారు, నిండాక డబ్బు తీసుకుంటారు.

అందరికీ ఒకే ధర ఉండదు. అమ్మాయిలకు ఉచితం, జంటలకు తక్కువ, ఒంటరి మగాడికి ఎక్కువ. ఈ ఒంటరి మగాడిని ‘స్టాగ్’ అంటారు. కొన్ని రాత్రులు స్టాగ్‌లను అసలు రానివ్వరు. కట్టిన కవర్ చార్జి మొత్తాన్నో కొంతనో లోపల తాగుడుకో తిండికో వాడుకోవచ్చు. అది కూడా పబ్ ఇష్టం.

ఉచితంగా పిలిచి పబ్బుకు ఏం లాభం అని ఎవరికైనా అనుమానం రావచ్చు. దీనికి వివరంగా జవాబు చెప్పిన మనిషి యాష్లీ మియర్స్. ఒకప్పుడు మోడల్‌గా పనిచేసి, తర్వాత సమాజశాస్త్ర ఆచార్యురాలైన ఆమె న్యూయార్క్, మయామీ, ఫ్రాన్స్ తీరంలోని క్లబ్బుల్లో ప్రమోటర్ల వెంట తిరిగి పరిశోధన చేసింది. 2020లో ‘వెరీ ఇంపార్టెంట్ పీపుల్’ పేరుతో పుస్తకం తెచ్చింది. ఆమె చెప్పింది స్థూలంగా ఇది. ఖరీదైన క్లబ్బుకు అసలు డబ్బు వచ్చేది కొద్దిమంది ధనవంతులు టేబుల్ తీసుకుని, ఎన్నో రెట్ల ధరకు సీసాలు తెప్పించుకోవడం వల్ల. ఆ ధనవంతుడు డబ్బు పెట్టేది మద్యం కోసమే కాదు, చుట్టూ ఎవరు ఉన్నారన్నదాని కోసం. అందుకని క్లబ్బుకు పొడుగ్గా, సన్నగా ఉన్న అమ్మాయిలు కావాలి. ఎక్కువగా తెల్లవాళ్లే కావాలి. వాళ్లను తీసుకొచ్చే పని ప్రమోటర్‌ది. అమ్మాయిలకు భోజనం, మద్యం ఉచితం, కూలి మాత్రం లేదు. ప్రమోటర్‌కు రాత్రి కూలి ఉంది, క్లబ్బుకు లాభం ఉంది.

ఆ పుస్తకంలో మా కళ్లు ఆగింది ప్రమోటర్ల దగ్గర. వాళ్లలో నల్లజాతివాళ్లు, వలస వచ్చినవాళ్లు చాలామందే. రోజూ కోటీశ్వరుల పక్కన కూర్చుంటారు కాబట్టి ఏదో ఒకనాడు తామూ వ్యాపార భాగస్వాములం అవుతామని ఆశపడతారు. ఆ ఆశ నెరవేరడం అరుదు. తమలాంటి వాళ్లు వరుసలో నిలబడితే లోపలికి పంపని క్లబ్బుకు, లోపల ఎవరు ఉండాలో ఏరిపెట్టే పని మాత్రం వాళ్లదే. పెత్తందారు ఇంటి గుమ్మానికి మన మనిషినే కాపలా పెట్టడం మన ఊళ్లలో చూడనిది కాదు కదా.

2015 సెప్టెంబర్‌లో లండన్ వెస్ట్ ఎండ్‌లో ఈ వ్యవహారం వీధిలోకి వచ్చింది. ఒక క్లబ్ ముందు కొందరు నల్లజాతి యువతులను ఆపేశారన్న ఆరోపణ వచ్చింది. వాళ్లు మరీ నల్లగా, మరీ లావుగా ఉన్నారన్నది క్లబ్ అభ్యంతరమని, అందుకే వాళ్లను పంపలేదని అర్థం వచ్చే ప్రమోటర్ మెసేజ్‌లు సోషల్ మీడియాలో తిరిగాయి. క్లబ్ వాళ్లు ఆరోపణను ఖండించారు. జనం క్లబ్ ముందే నిరసన తెలిపారు. ఎప్పుడూ గాలిలో కలిసిపోయే మాట ఈసారి ఫోన్‌లో అక్షరాల రూపంలో దొరికింది కాబట్టే అది వార్త అయింది.

మన దగ్గరికి వద్దాం. పబ్ ఫారంలో కులం అనే గడి లేదు. కానీ పూర్తి పేరు అడిగారంటే ఇంటిపేరో, పేరు చివర తోకో వస్తుంది. ఆ తోక ఉంటే ఒక కులం, లేకపోతే ఇంకో అనుమానం. తెలుగు నేల మీద ఆ లెక్క వేయడానికి ఎవరికీ శిక్షణ అక్కర్లేదు. ఇన్‌స్టాగ్రామ్ ఐడీ అడిగేది ‘క్రౌడ్ ఎలాంటిదో చూడటానికి’ అంటారు. అందులో ఏం కనిపిస్తాయి? ఒంటి రంగు, బట్టలు, ఇల్లు, స్నేహితులు, ఎక్కడెక్కడికి తిరిగారన్నది. అంబేడ్కర్ జయంతి ఊరేగింపు ఫొటో ఉంటే అదీ కనిపిస్తుంది. ఇవన్నీ చూసి ప్రతి పబ్బూ కులం లెక్కిస్తోందని మేము అనడం లేదు. లెక్కించాలనుకునేవాడికి అన్నీ చేతిలో ఉన్నాయి, ఎందుకు తీసేశాడో ఎవరికీ చెప్పనక్కర్లేదు అంటున్నాం. జవాబు రాని మెసేజ్‌కు ఎఫ్ఐఆర్ ఎలా రాయిస్తాం?

గుమ్మం దగ్గర రెండో జల్లెడ ఉంటుంది. లిస్టులో పేరున్నా చెప్పులు బాగాలేవనో, మగవాళ్లు ఎక్కువ ఉన్నారనో, లోపల ‘ఫుల్’ అనో ఆపవచ్చు. బట్టలను బట్టి మనిషిని కొలవడం పబ్బులకే పరిమితం కాదు. 2024 జులైలో బెంగళూరులో ఒక మాల్‌కు కొడుకుతో సినిమాకు వచ్చిన రైతును పంచె కట్టుకున్నాడని ఆపేశారు. వీడియో బయటికి వచ్చి గొడవయ్యాక, ఆ మాల్‌ను 7 రోజులు మూయిస్తామని కర్ణాటక ప్రభుత్వం శాసనసభలో ప్రకటించాల్సి వచ్చింది.

ఇక్కడ మన ఉద్యమ మిత్రుల నుంచే ఒక ప్రశ్న వస్తుంది: ఊళ్లో శ్మశానానికి దారి లేని చోట పబ్ ఎంట్రీ ఒక సమస్యా? తాగి తందనాలాడే చోటు కోసం పోరాటమా? ఈ ప్రశ్నను కొట్టిపారేయం. కానీ రెండు గ్లాసుల హోటల్లో గొడవ టీ రుచి గురించి కాదు. అంబేడ్కర్ 1927లో మహాడ్ చెరువు నీళ్లు తాగింది దాహంతోనూ కాదు. పైగా మన పిల్లలు ఐటీ కంపెనీల్లో చేరాక టీమ్ పార్టీలు జరిగేది, పరిచయాలు కుదిరేది ఇలాంటి చోట్లే. అక్కడ ‘వాడు సెట్ కాడు’ అనిపించుకుంటే దాని ఫలితం సోమవారం ఆఫీసులో కనిపిస్తుంది. ఇంకో మాట. హైదరాబాద్ పబ్బుల్లో అర్ధరాత్రి దగ్గరపడేకొద్దీ పడేది తీన్‌మార్. ఆ దెబ్బ డప్పుది. ఆ డప్పు ఎవరిదో చెప్పనక్కర్లేదు.

రాజ్యాంగం ఈ విషయంలో స్పష్టంగా ఉంది. దుకాణాలు, హోటళ్లు, ప్రజా వినోద స్థలాల్లోకి వెళ్లడానికి మతం, జాతి, కులం, లింగం, పుట్టిన చోటు కారణంగా ఏ పౌరుడినీ అడ్డుకోరాదని అధికరణ 15(2) చెబుతుంది. ఇది ప్రభుత్వానికే కాదు, ప్రైవేటు వ్యాపారికీ వర్తిస్తుంది. 1948 నవంబర్ 29న రాజ్యాంగ సభలో ‘దుకాణం’ అనే మాటను విశాలమైన అర్థంలో తీసుకోవాలని, సేవ అందించే వాళ్లందరూ అందులోకి వస్తారని అంబేడ్కర్ వివరించారు. 2011లో ఒక తీర్పులో సుప్రీంకోర్టు ఆ వివరణనే ఆధారం చేసుకుంది. గోడ మీద తగిలించే ‘ప్రవేశ హక్కులు మావే’ అనే బోర్డు దీనికి పైన ఉండదు. మర్యాద తప్పినవాడిని ఆపవచ్చు, కులం చూసి ఆపకూడదు.

ఇక రెండు చట్టాలు. 1955 నాటి పౌర హక్కుల పరిరక్షణ చట్టంలో సెక్షన్ 4 ప్రజా వినోద స్థలంలోకి అంటరానితనం కారణంగా రానివ్వకపోవడాన్ని నేరం చేసింది. శిక్ష 1 నెల నుంచి 6 నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. ఒక్క పెగ్గు ఖరీదుకు కూడా సరిపోని ఈ జరిమానాను 1976 తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి 2015లో చేసిన సవరణ ఇంకా బలమైనది. సెక్షన్ 3(1)(జడ్‌ఏ)లో దుకాణం, ప్రజా వినోద స్థలం, మరే బహిరంగ స్థలంలోకైనా ప్రవేశాన్ని అడ్డుకోవడం కూడా ఉంది. శిక్ష 6 నెలల నుంచి 5 ఏళ్లు. ఎఫ్ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అవసరం లేదని సెక్షన్ 18ఏ చెబుతుంది.

చిక్కు రుజువు దగ్గర వస్తుంది. అత్యాచారాల చట్టంలో సెక్షన్ 8 ప్రకారం, నిందితుడికి బాధితుడో అతని కుటుంబమో వ్యక్తిగతంగా తెలిసి ఉంటేనే, కులం తెలుసని కోర్టు ముందుగా అనుకుంటుంది. ఊళ్లో ఇది సరిపోతుంది, భూస్వామికి మాల ఎవరో మాదిగ ఎవరో తెలుసు. పబ్ ముందు బౌన్సర్ మాత్రం ‘ఈ మనిషిని నేనెప్పుడూ చూడలేదు’ అంటాడు. అతను చెప్పేది నిజమే కావచ్చు. నగరం మనకు ఇచ్చిన అజ్ఞాతం అతనికి రక్షణ అవుతుంది. 1955 చట్టంలో సెక్షన్ 12 దీనికి కొంత విరుగుడు. ఆ చట్టం కింది నేరమయ్యే పని షెడ్యూల్డ్ కులాల వ్యక్తి విషయంలో జరిగితే, అంటరానితనం కారణంగానే జరిగిందని, కాదని రుజువయ్యే వరకు, కోర్టు భావించాలి. అందుకే రెండు చట్టాలనూ కలిపి ఫిర్యాదు రాయడం మేలు. ప్రోత్సహించినవాడికీ అదే శిక్ష అని 1955 చట్టంలో సెక్షన్ 10 చెబుతుంది. ‘నల్లోళ్లను, బస్తీవాళ్లను తేవద్దు’ అని మేనేజర్ పంపిన మెసేజ్‌ను గ్రూపులో ముందుకు తోసే ప్రమోటర్ కుర్రాడు ఇది తెలుసుకోవాలి. పేరు తీసేసింది అతనే అవుతాడు, పబ్ చేతులు దులుపుకుంటుంది.

అమ్మాయిల ఉచిత ప్రవేశం మీద ఒక్క మాట. దాన్ని మహిళలకు గౌరవంగా చూపిస్తారు. కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 1985లోనే, నైట్‌క్లబ్బుతో పాటు కార్లు కడిగే షాపులపై కూడా వచ్చిన ఒక కేసులో, స్త్రీలకు మాత్రమే ధర తగ్గించడం ఆ రాష్ట్ర పౌర హక్కుల చట్టానికి విరుద్ధమని తేల్చింది. మన అధికరణ 15(3) మహిళల కోసం ప్రత్యేక ఏర్పాట్లు చేసుకోమన్నది ప్రభుత్వానికి, పబ్ యజమానికి కాదు. ఇంకా పట్టించుకోవాల్సింది ఫోన్ నంబర్ల సంగతి. ఒక రాత్రి లిస్టు కోసం ఇచ్చిన అమ్మాయి నంబరు తర్వాత ఎవరెవరి దగ్గర తిరుగుతుందో ఆమెకు తెలియదు.

గుమ్మం దగ్గర ఆపితే చేయాల్సినవి ఎక్కువేం లేవు, కానీ ఆ రాత్రే చేయాలి. లిస్టులో పేరు ఖాయమైన మెసేజ్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. ఆపిన కారణం గట్టిగా అడగండి, చెప్పిన మాటను ఫోన్‌లో రికార్డు చేయండి. అలాంటి బట్టలతోనే, అలాంటి గుంపుగానే వచ్చిన వేరేవాళ్లను పంపితే సమయం రాసుకోండి. ఆ పోలికే కేసుకు ప్రాణం. అత్యాచారాల చట్టం కింద దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, హైదరాబాద్‌లో అయితే ఏసీపీ. ఫిర్యాదు నకలు రాష్ట్ర ఎస్సీ, ఎస్టీ కమిషన్‌కు, బార్ లైసెన్సు ఇచ్చిన ఎక్సైజ్ శాఖకు కూడా పంపండి. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం కింద జనం గుమిగూడే వ్యాపార సంస్థలు సీసీ కెమెరా ఫుటేజీని 30 రోజులు దాచాలి. గుమ్మం దగ్గరి ఫుటేజీని చెరపవద్దని పబ్‌కు, పోలీసులకు రాతపూర్వకంగా పంపే లేఖ అందుకే మొదటి వారంలోనే వెళ్లాలి.