పురుగు పట్టిన ఆకు, విషం తగిలిన ఆకు

ఔషధానికి పనికివచ్చే మూలిక ఎట్లుండవలెనో సుశ్రుత సంహిత సూత్రస్థానంలో, భూమి గుణాలను, మూలికల సేకరణను వివరించే అధ్యాయంలో చెప్పబడినది. క్రిములు తినని, విషం తగలని, ఎండకు, అగ్నికి, నీటికి చెడని మూలికను మాత్రమే గ్రహించవలెనని దాని భావం. క్రిమి, విషం అనే రెండు దోషాలను ఆచార్యుడు పక్కపక్కనే చెప్పినాడు. పురుగును పోగొట్టడానికి ఆకుపై విషం చల్లితే ఒక దోషం తొలగి, అంతకంటె పెద్ద దోషం వచ్చి చేరుతుంది. నేడు అనేక ఇళ్ల పెరళ్లలో జరుగుతున్నది ఇదే.

మా జహీరాబాదు చుట్టుపక్కల చెరకు, పత్తి, అల్లం, ఆలుగడ్డ పండించే పల్లెలకు, పట్టణంలోని కుటుంబాలకు రాకపోకలు ఎక్కువ. పొలానికి తెచ్చిన మందులో మిగిలినది ఏదో ఒక విధంగా ఇంటికి చేరుతుంది. ఆ సీసాలోంచి ఒక మూతెడు బకెట్టు నీటిలో కలిపి కరివేపాకు చెట్టుకు కొట్టేవారిని నేనెరుగుదును. మూడవనాటికి అదే చెట్టు రెబ్బ పోపులో పడుతుంది. సీసాపై ముద్రించిన మోతాదు పత్తికి చెప్పినది. కోతకు ముందు ఆగవలసిన దినాల లెక్కయు పత్తికే. పైగా మోనోక్రోటోఫాస్ వంటి మందులు ఆకుపైన నిలిచేవి కావు, ఆకులోనికి ఇంకి రసంతో కలిసి తిరిగేవి. వాటిని ఎంత కడిగినను ప్రయోజనం లేదు. కూరగాయలపై ఆ మందు వాడరాదని మన దేశంలో నిషేధం ఉన్న సంగతి చాలామందికి తెలియదు.

పెరటి చెట్టు వంటకు మాత్రమే కాదు, మందుకు కూడా ఆధారం. దగ్గుకు తులసి, అజీర్తికి కరివేపాకు, అతిసారానికి జామ చిగుళ్లు, రక్తహీనతకు మునగాకు వాడుకోవలసిందిగా ఇటువంటి పత్రికలలో మావంటి వైద్యులమే వ్రాస్తాము. కాబట్టి ఆ ఆకును ఏ విధంగా కాపాడుకోవలెనో చెప్పే బాధ్యత కూడా మాదే.

చెట్టుకూ క్రిమిచికిత్స

చరక సంహిత విమానస్థానం ఏడవ అధ్యాయంలో మనుష్య శరీరంలోని క్రిములకు మూడంచెల చికిత్స ఉన్నది. మొదటిది అపకర్షణము, అనగా క్రిములను పట్టి బయటకు తీసివేయడం. రెండవది ప్రకృతివిఘాతము, అనగా అవి పెరగడానికి అనువైన స్థితిని చెడగొట్టడం. మూడవది నిదానపరివర్జనము, అనగా అవి పుట్టడానికి హేతువైన దానిని మానుకోవడం. చెట్టుకు కూడా ఈ క్రమమే తగినదని నా అభిప్రాయం. మన ఇళ్లలో మొదటి మెట్టును, మూడవ మెట్టును విడిచిపెట్టి, రెండవదానిని మాత్రం విషంతో ఆరంభిస్తున్నారు.

చెట్లకూ వాత పిత్త కఫాలు కలవని తలచి మన పూర్వులు వృక్షాయుర్వేదమనే ప్రత్యేక శాస్త్రాన్నే రచించినారు. వరాహమిహిరుని బృహత్సంహితలో దానికొక అధ్యాయమున్నది. సురపాలుని వృక్షాయుర్వేదం వ్రాతప్రతి ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయంలో ఉండగా, దాని నకలు తెప్పించి, నళినీ సాధలే గారి ఆంగ్లానువాదంతో సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ప్రచురించినది. చెట్ల పురుగులకు అందులో చెప్పిన ద్రవ్యాలలో వాయువిడంగాలు, ఆవాలు, వస, మిరియాలు, ఇంగువ ఉన్నవి. మనుష్యుల కడుపులోని క్రిములకు వైద్యుడు వాడేవీ ఇవే. అయితే గ్రంథంలో ఉన్నదని ప్రతిదానిని పెరట్లో ప్రయోగించమని నేను చెప్పను. గోడకు గోడ ఆనుకొని ఉన్న ఇళ్ల నడుమ చెట్టుకు ధూపం వేస్తే పురుగుకంటె ముందుగా పక్కింటి ఉబ్బస రోగికి ఊపిరాడదు.

ఏరివేత: అన్నింటికంటె మేలైనది

వైద్యానికి ముందు రోగనిర్ణయం అవసరం. ఆకు అంచులు కొరికి ఉన్నవా, ఆకు ముడుచుకొని జిగటగా ఉన్నదా, ఆకులోపల వెండితీగ వంటి వంకర గీతలున్నవా అని మొదట చూడవలెను. గురుకులంలో మా గురువుగారు ఏ ఆకును కోయబోయినను ముందు దాని వెనుకభాగం చూపించమనేవారు. పురుగుల సంసారమంతా అక్కడే ఉంటుంది.

కరివేపాకు, నిమ్మ చెట్ల ఆకులను కొరికి తినేది ఎక్కువగా నిమ్మజాతి సీతాకోకచిలుక పురుగు. లేత ఆకుపై ఒక్కొక్కటిగా గుడ్లు పెడుతుంది. పిల్ల పురుగు గోధుమ, తెలుపు రంగులతో అచ్చంగా పక్షి రెట్టవలె ఉండి కంటికి ఆనదు. పెరిగిన తరువాత ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనుకనుండి ఎర్రని కొమ్ములు చాచి ఘాటైన వాసన వదులుతుంది. అది చూచి భయపడేవారున్నారు గాని, అది కుట్టదు, కరవదు. ఉదయం పూట రెండు నిమిషాలు చూచి చేతితో ఏరివేస్తే చాలును. చిన్న మొక్కకు ఈ శ్రద్ధ తప్పనిసరి, ఎందుకనగా నాలుగైదు పురుగులే దానిని మోడు చేయగలవు. ఎదిగిన చెట్టుకు నాలుగైదు పురుగులు లెక్కలోనివి కావు. మా ఇంటి కరివేపాకు చెట్టుపై ప్రతి ఏడాదీ కొన్నింటిని నేను కావాలనే వదిలివేస్తాను. మనుమలకు సీతాకోకచిలుక పుట్టుక చూపడానికి అంతకంటె మంచి బడి లేదు.

మునగ గొంగళి పురుగు సంగతి వేరు. వానాకాలంలో ఇవి పగలంతా మాను మీద గుంపుగా అంటుకొని ఉండి, రాత్రి కొమ్మలకు పాకి ఆకులు తింటాయి. పగలు ఒక్కచోట చేరడమే మనకు అనుకూలం. పొడుగాటి కర్రకు పాత చీపురు కట్టి, సబ్బునీళ్లు పోసిన బకెట్టులోనికి వాటిని గీకివేయవలెను. చేతితో ముట్టరాదు, పిల్లలను చెట్టు కిందికి రానీయరాదు. నూగు చర్మానికి అంటుకుంటే రుద్దడం వలన దద్దురు మరింత పాకుతుంది. గాయానికి అతికించే ప్లాస్టరుపట్టీ అక్కడ అంటించి లాగితే నూగు దానితోపాటు ఊడివస్తుంది. తరువాత సబ్బుతో కడిగి, కలబంద గుజ్జు గాని చందనపు గంధం గాని పూయవలెను. కంటిలో పడితే మాత్రం ఇంటి వైద్యం పనికిరాదు. నీటితో కడిగి వెంటనే నేత్రవైద్యుని వద్దకు పోవలెను.

నిమ్మ చిగుళ్లలో వంకర గీతలు గీసే ఆకు తొలుచు పురుగు ఆకు పొరల మధ్య దాగి ఉంటుంది కనుక పైన చల్లినది దానికి అంతగా తగలదు. ఆ చిగుళ్లను గిల్లి పారవేయడమే ఉపాయం. పెద్ద చెట్టయితే దానిని చూచీ చూడనట్లు వదిలివేయవచ్చును.

తులసి ఆకుల వెనుక సన్నని నల్లని పురుగులు చేరి రసం పీల్చినప్పుడు ఆకు ముడుచుకొని పాలిపోతుంది. ముదిరిన కంకులను, చెడిన రెమ్మలను కత్తిరించి, ఆకుల అడుగుభాగానికి తగిలేటట్లు నీటిని గట్టిగా చిమ్మవలెను. రెండు మూడు దినాలకొకసారి ఇట్లు చేస్తే తులసికి మరొక మందు అవసరమయ్యేది అరుదు.

వేపగింజల కషాయం

ఏరివేతకు లొంగని వాటికి వేప ఉన్నది. బియ్యపు డబ్బాలో వేపాకు వేసిన మన అమ్మమ్మలకు దాని గుణం తెలియనిది కాదు. 1959లో సూడాన్ దేశంలో మిడతల దండు పచ్చని చెట్లన్నింటినీ తినివేసి వేపచెట్లను మాత్రం విడిచిపెట్టిన సంగతిని హైన్రిష్ ష్ముటరర్ అనే జర్మనీ శాస్త్రవేత్త గమనించిన తరువాత ఇతర దేశాలవారి దృష్టి దీనిపై పడినది. వేపగింజలోని అజాడిరక్టిన్ అనే పదార్థం పురుగుకు ఆకలిని చంపుతుంది, కుబుసం విడవనీయదు. అందువలన పురుగు చల్లిన వెంటనే చావదు. మూడు నాలుగు దినాలు ఓపిక పట్టవలెను. ఈ ఓపిక లేకనే చాలామంది వేప పనిచేయదని తీర్మానిస్తారు.

జ్యేష్ఠ, ఆషాఢ మాసాలలో రాలిన వేపపండ్ల గుజ్జు కడిగి, గింజలను నీడలో ఆరబెట్టి, గాలి ఆడే గుడ్డ సంచిలో నిలువ చేయవలెను. బూజు పట్టినవి, ఏడాది దాటినవి పనికిరావు. పెంకు తీసిన పప్పు 50 గ్రాములు దంచి, పలుచని గుడ్డలో మూటగట్టి, లీటరు నీటిలో రాత్రంతా నానవేయవలెను. ఉదయం మూటను పలుమార్లు పిసికి వడగట్టి సాయంత్రం వరకు నీడలో ఉంచవలెను. నాలుగైదు కుంకుడుకాయల పెచ్చులను కొద్ది నీటిలో నానబెట్టి తీసిన రసం కలిపితే కషాయం ఆకుకు అంటుకుంటుంది. ముందుగా ఒక్క కొమ్మపై చల్లి, రెండు దినాలు చూచి, ఆకు మాడకుంటే చెట్టంతటికీ ఆకుల వెనుకవైపు తడిసేటట్లు చల్లవలెను. ఎండకు దీని శక్తి నశిస్తుంది కనుక పొద్దువాలిన తరువాతనే చల్లడం మంచిది. కలిపిన కషాయాన్ని మరునాటికి దాచరాదు. చల్లిన చెట్టు ఆకును వారం దినాల వరకు కోయక, ఆ తరువాత కడిగి వాడుకొనవలెను.

వేప కూడా మితం తప్పితే మందు కాదు. వేపనూనె త్రాగించడం వలన పసిపిల్లలకు ఫిట్సు వచ్చిన ఉదంతాలు వైద్య గ్రంథాలకెక్కినవి. తోటకు తెచ్చిన వేపనూనెను మందుల అలమరలో పెట్టరాదు. ఇక పొగాకు కషాయాన్ని ప్రకృతిసిద్ధమైనదని సిఫారసు చేసేవారితో నేను ఏకీభవించను. ప్రకృతిలో పుట్టినంత మాత్రాన నికోటిన్ విషం కాకపోదు. తినే ఆకులపై దాని పని ఏమున్నది?

చీమలు, యూరియా, మిత్రులు

మందారకు, జామకు తెల్లని దూదివలె పట్టే పిండినల్లి ఉన్నచోట చీమల బారు తప్పక ఉంటుంది. పిండినల్లి విసర్జించే తీయని జిగురు కొరకు చీమలు దానిని కాపలా కాస్తాయి. ముదిరిన రెమ్మలు కత్తిరించి, నీటిని గట్టిగా చిమ్మి, కుంకుడు రసం చల్లవలెను. మానుకు చుట్టూ ప్లాస్టిక్ పట్టీ కట్టి, దానిపై గ్రీజు పూస్తే చీమలు ఎక్కవు. కాపలాదారు పోయిన తరువాత అక్షింతల పురుగులు వచ్చి మిగిలిన పని చూస్తాయి. 2008లో కోయంబత్తూరులో కనబడి దక్షిణాదిన అనేక మొక్కలకు పాకిన బొప్పాయి పిండినల్లిని చివరకు లొంగదీసినది పురుగుమందు కాదు. 2010లో ప్యూర్టోరికో నుండి తెప్పించిన అసెరోఫాగస్ పపాయే అనే సూక్ష్మమైన కందిరీగ ఆ పనిచేసినది. విషం చల్లితే ముందుగా చచ్చేది ఇటువంటి మిత్రులే.

ఇక హేతువు మాట. చెట్టు ఏపుగా పెరగవలెనని గుప్పెడు గుప్పెడు యూరియా వేస్తే మెత్తని, రసం నిండిన చిగురు వస్తుంది. రసం పీల్చే పురుగులకు అది విందు. అతిగా తిని మందగించిన దేహంలో కఫరోగాలు చేరినట్లే ఇదియును. బాగా మాగిన పశువుల ఎరువు, గాలి వెలుతురు సోకేటట్లు కొమ్మల కత్తిరింపు, అవసరమైనంతనే నీరు పథ్యం. ఒకే జాతి మొక్కలను వరుసగా నాటక, నడుమ బంతి, కొత్తిమీర, సోపు వంటివి వేస్తే పురుగు ఒకదానినుండి మరొకదానికి సులభంగా పాకలేదు, మిత్ర కీటకాలకు పుప్పొడి దొరుకుతుంది. ఇది మా ప్రాంతానికి కొత్త విషయం కాదు. 1983లో ఆరంభమై మా జహీరాబాదు పక్కనే పస్తాపూర్ కేంద్రంగా సాగిన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలవారు ఒకే చేనిలో జొన్న, కొర్ర, కంది, పప్పుధాన్యాలు కలిపి, పురుగుమందు లేకుండ పండించి చూపినారు. వారి కృషికి 2019లో ఐక్యరాజ్యసమితి ఈక్వేటర్ బహుమతి లభించినది. ఎకరాలలో సాధ్యమైనది నాలుగు గజాల పెరట్లో ఎందుకు కాదు?

పురుగుమందు ఇంట్లోనే ఉంటే

ఇప్పటికే పొలం మందు ఇంటిలో ఉన్నవారు దానిని వంటగదికి, స్నానాలగదికి దూరంగా తాళం వేసి ఉంచవలెను. ఖాళీ డబ్బాలో నూనెగాని నీరుగాని పోయరాదు. 2013 జూలైలో బీహారులోని సారణ్ జిల్లా పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు మరణించినారు. ఆ వంటలో చేరినది మోనోక్రోటోఫాస్.

మందు చల్లినవారికి గాని, ఆ ఆకు తిన్నవారికి గాని నోట చొంగ కారడం, విపరీతమైన చెమట, వాంతులు, కంటిపాప సూదిమొనంతగా కుంచించుకుపోవడం, కండరాలు అదరడం, ఆయాసం కనబడితే కషాయాల కొరకు మావంటివారి వద్దకు రావద్దు. తడిసిన బట్టలు విప్పి, ఒంటిని సబ్బునీటితో కడిగి, బలవంతంగా వాంతి చేయించక, నోటికి ఏమీ ఇవ్వక, క్షణం ఆలస్యం లేకుండ పెద్దాసుపత్రికి చేర్చవలెను. దానికి విరుగుడు సూదిమందు అక్కడ ఉంటుంది. సీసాను, దానిపై ఉన్న కాగితం చిరగకుండ, వెంట తీసుకుపోవలెను.