మన జాడీకి చీనా చుట్టాలు

సూర్యాపేటలోనైనా, కోదాడలోనైనా, మిర్యాలగూడలోనైనా మామిడికాయల రోజులు వచ్చాయంటే జాడీ అటకమీదినుంచి దిగవలసిందే. ఉప్పు, కారం, ఆవపిండి, నూనె కలిసిన ఊరగాయను ఏడాది పొడుగునా కాపాడే బాధ్యత దానిది. ఇత్తడి గిన్నెలో ఉంచితే చిలుము పడుతుంది. మామూలు మట్టికుండలో ఉంచితే సగం నూనె కుండే తాగేస్తుంది. జాడీ మాత్రం దేనినీ పీల్చుకోదు, పులుపుతోను ఉప్పుతోను కలహించదు. ఇంత మర్యాదగల పాత్రకు తాతముత్తాతలెవరని విచారిస్తే, అందరికంటె పాతకాపులు చీనా దేశంలో కనబడతారు.

మన కుమ్మరి ఆవంలో వేడి సాధారణంగా వెయ్యి డిగ్రీలకు మించదు. ఆ వేడికి మట్టి గట్టిపడుతుంది కాని, కంటికి కనిపించని రంధ్రాలు మిగిలిపోతాయి. ఎండాకాలంలో కుండనీళ్లు చల్లబడేది ఆ రంధ్రాల పుణ్యమే. చీనా కుమ్మరులు తగిన మట్టిని ఎన్నుకొని, వేడిని 1200 డిగ్రీలు దాటించారు. అంతటి మంటలో మట్టి కొంత కరిగి, అతుక్కుని రాయివలె అవుతుంది. వేలితో కొడితే ఖంగుమంటుంది. కట్టెబూడిదను, కొన్ని రాళ్ల పొడిని నీళ్లలో కలిపి పైన పూస్తే, అదే మంటలో ఆ పూత గాజై మెరుస్తుంది. ఈ విద్య వారికి సుమారు 3500 ఏండ్లనాడే పట్టుబడింది.

ఇక రంగు సంగతి. పూతలో నూటికి ఒకటి రెండు పాళ్లు ఇనుము ఉంటే చాలు. ఆవంలోకి గాలి ధారాళంగా వస్తే ఆ ఇనుము పసుపు, గోధుమ రంగులు ఇస్తుంది. గాలిని బిగబట్టి పొగ కమ్మనిస్తే అదే ఇనుము లేతాకుపచ్చగానో, వానవెలిసిన ఆకాశంవలెనో మారుతుంది. ఒకే మట్టి, ఒకే పూత. తేడా అంతా ఊపిరిలో ఉన్నది!

చీనాను 960 నుండి 1279 వరకు ఏలిన సుంగ్ వంశపు రోజులలో ఈ కళ శిఖరాన నిలిచింది. అందులోను తలమానికం ‘రు’ పాత్రలు. 11వ శతాబ్ది చివర, 12వ శతాబ్ది మొదట, కొద్ది దశాబ్దాలపాటు మాత్రమే రాజాస్థానంకోసం వాటిని చేశారు. బొమ్మలు లేవు, బంగారు గీతలు లేవు. మంచు పట్టినట్టున్న నీలి పూత ఒక్కటే అందం. పాత్ర అడుగునకూడ పూత పూసి, సన్నని మొలలమీద నిలబెట్టి కాల్చేవారు. ఆ మొలలు ఆనినచోట నువ్వుగింజలంత మచ్చలు మిగిలేవి. ఆ నువ్వుగింజలను చూసి నేటికీ నిపుణులు వాటిని పోల్చుకుంటారు. ఇప్పుడు ప్రపంచం మొత్తంమీద తెలిసిన ‘రు’ పాత్రలు నూరు లోపే. వాటిలో పళ్లెములు, గిన్నెలే ఎక్కువ. కూజాలు బహు అరుదు. వీటిని కాల్చిన ఆవాల జాడ 1987లోగాని తెలియలేదు. 2017లో హాంకాంగ్ వేలంలో జానెడు వెడల్పయినా లేని ఒక్క ‘రు’ గిన్నె 29 కోట్ల హాంకాంగ్ డాలర్లు దాటి పలికింది. లండన్ బ్రిటిష్ మ్యూజియంలో ఇటువంటి చీనా పాత్రల గొప్ప సేకరణ ఒకటి ఉన్నది. దానిని కూర్చిన పెర్సివల్ డేవిడ్ 1892లో మన బొంబాయిలో పుట్టినవాడే.

రాజులకోసం చేసినవి రాజుల ఇండ్లలోనే ఉండిపోయాయి. కాని ఓడలకెక్కిన సరుకు వేరే ఉన్నది. సూర్యాపేట పక్కనున్న పిల్లలమర్రిలో ఎరకేశ్వరాలయం 1208లో లేచింది. ఆ కాలానికి చీనాలోని లుంగ్‌చువాన్ ఆవాలలో ఆకుపచ్చని గిన్నెలు, కూజాలు వేలకువేలు తయారై సముద్రంమీద బయలుదేరుతున్నాయి. ఆ ఓడలు ఆగిన రేవులలో మన మోటుపల్లి ఒకటి. 1244లో కాకతీయ గణపతిదేవుడు అక్కడ అభయశాసనం వేయించాడు. గాలివానకు ఒడ్డునపడిన ఓడల సొత్తును వెనుకటి రాజులు లాక్కునేవారు. అటువంటిది ఇక జరగదని, నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోమని ఆయన వర్తకులకు మాట ఇచ్చాడు. ఆ శాసనంలో చీనా కర్పూరం, పట్టు, దంతం, పగడాలు పేరుపేరునా కనిపిస్తాయి.

తరువాత శ్రీనాథుడు హరవిలాసాన్ని అవచి తిప్పయసెట్టికి అంకితమిస్తూ, ఆ సెట్లు ఏయే దేశాలనుంచి ఏమేమి తెప్పించేవారో వర్ణించాడు. కర్పూరం, ఏనుగులు, గుర్రాలు, ముత్యాలు, చీనిచీనాంబరాలు అన్నీ వచ్చాయి.

మరి ఇప్పుడు చూడండి. కర్పూరం హరించిపోయింది. చీనాంబరాలు చివికిపోయాయి. గుర్రాలూ లేవు, వాటినెక్కిన దొరలూ లేరు. మోటుపల్లిలోను, నెల్లూరు సీమలోని కొత్తపట్నంలోను నేల తవ్వినవారికి దొరికినది చీనా కుండపెంకులు! ఎవరూ లెక్కచేయని పగిలిన ముక్కే చీనా వర్తకానికి చివరకు సాక్ష్యం చెప్పింది. అగ్నిలో అంతగా మాగిన వస్తువును ఉప్పుగాలి ఏమీ చేయలేదు.

హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో చీనా పింగాణీతోబాటు ఈ ఆకుపచ్చ పాత్రలనుకూడ చూడవచ్చును. విషం కలిసిన అన్నం పెడితే ఇవి పగులుతాయనో, రంగు మారుతాయనో నవాబుల ఇండ్లలో నమ్మేవారు. అది ఉత్తమాట. పూత గాజు; గాజుకు విషమూ అమృతమూ ఒకటే. పూతలో కనిపించే సన్నని పగుళ్లుకూడ విషంవల్ల వచ్చినవి కావు. చల్లారేటప్పుడు మట్టికంటె పూత ఎక్కువగా ముడుచుకున్నందువల్ల ఏర్పడినవి.

మన తీరంలో ఇంకా ఎన్ని పెంకులు మట్టికింద ఉన్నాయో! దుక్కిలోనో, పునాదిలోనో పైకి వచ్చిన ముక్కను పిల్లలు చెరువులోకి విసిరితే ఒక సాక్షి నోరు మూతపడినట్టే. మట్టికుండ పెంకుల నడుమ గాజువలె మెరిసే ఆకుపచ్చ ముక్క కనిపిస్తే దానిని అక్కడే ఉంచి, ఊరి పెద్దలద్వారా పురావస్తు శాఖవారికి కబురుచేయడం మంచిది. ముక్క ఎంత విలువైనదో, అది ఏ పొరలో ఎక్కడ దొరికిందన్న సంగతికూడ అంత విలువైనది.