పని చేసుకుంటూ ప్రపంచం చూస్తారట!

మీ ఇంట్లో డిగ్రీ పూర్తయిన అమ్మాయో అబ్బాయో ఉంటే ఈ మాట ఈపాటికి మీ చెవినా పడే ఉంటుంది. "అమ్మా, ఆస్ట్రేలియా వెళ్ళి ఓ ఏడాది తిరిగొస్తాను. ఖర్చులకి మిమ్మల్ని అడగను, అక్కడే ఏదో ఒక పని చేసుకుంటాను." వినగానే మన గుండె ఝల్లుమంటుంది. పరాయి దేశంలో కాయలు కోయడానికా వీళ్ళని ఇంత చదివించింది అనిపిస్తుంది. ఆయనగారైతే పేపరు చాటునుంచే "కుదరదు" అనేస్తారు!

కాదనండి, అవుననండి, ముందు సంగతేమిటో తెలుసుకుని అనండి. ఎందుకంటే ఈ విషయం సగం సగం తెలిసినవాళ్ళే డబ్బు పోగొట్టుకుంటున్నారు.

మన వైపు విదేశం అంటే రెండే దారులు. కడప నుంచీ గోదావరి జిల్లాల నుంచీ ఆడవాళ్ళు ఇళ్ళల్లో పనికి కువైట్ వెళ్ళడం ఒకటి. అప్పు చేసి పిల్లల్ని చదువుకి అమెరికా పంపడం ఇంకొకటి. రెండూ ఇంటిని నిలబెట్టడానికే. ఊళ్ళు చూడ్డానికి వెళ్ళి, ఆ చూసే ఖర్చు కోసం పని చేయడమన్నది మనకి కొత్త. ఆస్ట్రేలియా వాళ్ళకి మాత్రం పాత సంగతే. 1975లోనే బ్రిటన్, కెనడా, ఐర్లండ్ పిల్లల కోసం వాళ్ళు ఈ ఏర్పాటు మొదలుపెట్టారు. మనకి 2024లో వచ్చింది. అంతకు రెండేళ్ళ ముందు రెండు దేశాలూ చేసుకున్న వ్యాపార ఒప్పందంలో ఇది కూడా ఒక షరతు. దీన్ని వర్క్ అండ్ హాలిడే వీసా అంటారు. 462 వీసా అంటే కూడా ఇదే.

ఎవరికిస్తారంటే, 18 ఏళ్ళు నిండి 31 నిండని వాళ్ళకి. ఇంటర్ తర్వాత కనీసం రెండేళ్ళ చదువు ఉండాలి. (వయసు సరే, నా ఇంటర్ చదువు కూడా దీనికి చాలదన్నమాట!) మాట్లాడి నెగ్గుకు రాగల ఇంగ్లీషు ఉండాలి. పిల్లల్ని వెంట తీసుకెళ్ళడానికి లేదు. మన దేశం మొత్తానికి ఏడాదికి వెయ్యి మందికే అవకాశం. అందుకని లాటరీ పెట్టారు. మొదటిసారి 2024 అక్టోబరులో పేర్లు తీసుకున్నారు. పేరు నమోదుకి పాస్‌పోర్టు, పాన్ కార్డు, 25 ఆస్ట్రేలియా డాలర్లు... అంతే. పేరు వస్తే 28 రోజుల్లో అసలు దరఖాస్తు పెట్టుకోవాలి. దాని రుసుము 2024-25లో 650 డాలర్లు. మొదట్లో గడవడానికి 5,000 డాలర్లూ, దానికి తోడు తిరుగు ప్రయాణం టికెట్‌కి డబ్బూ ఉన్నట్టు చూపించాలి. డాలరు 60 రూపాయలని లెక్క వేసుకున్నా ఆ 5,000 డాలర్లే మూడు లక్షలు.

ఇప్పుడు అసలు మాట చెప్తాను, జాగ్రత్తగా వినండి. ఆ లాటరీ తీసేది కంప్యూటరు. అందులో పేరు వేయించడం ఏ ఏజెంటు తరమూ కాదు. మా చెల్లెలి కూతురు పేరు నమోదు చేసుకున్నప్పుడు ఒకాయన ఇంటికే వచ్చి, రెండు లక్షలిస్తే పేరు ఖాయంగా వచ్చేలా చూస్తానన్నాడు. పైగా "అక్కడే సెటిలైపోవచ్చు తల్లీ" అని ఓ ఆశ! మా చెల్లెలు గాజులు తీయడానికి కూడా సిద్ధపడింది. మా మరిదే నయం, "లాటరీ అన్నాక ఖాయం ఏమిటండీ?" అని ఒక్క ప్రశ్న వేశాడు. ఆయన కాఫీ తాగి వెళ్ళిపోయాడు. అమ్మాయి 25 డాలర్లు కట్టి ఊరుకుంది. అదృష్టం, పేరు వచ్చింది. రాకపోయినా పోయేది ఆ 25 డాలర్లే కదా!

సెటిలవడం మాట కూడా ఇక్కడే తేల్చేసుకుందాం. ఈ వీసా పన్నెండు నెలలకి. ఒక్క యజమాని దగ్గర మామూలుగా ఆరు నెలలకి మించి పని చేయకూడదు. వాళ్ళు చెప్పిన మారుమూల ప్రాంతాల్లో, చెప్పిన పనులు మూడు నెలలు చేస్తే రెండో ఏడాదికి అడగొచ్చు. ఆ రెండో ఏడాదిలో ఆరు నెలలు చేస్తే మూడోదానికి. అంతకు మించి ఇది శాశ్వత నివాసానికి మెట్టు కాదు. ఇల్లు తాకట్టు పెట్టో, వడ్డీకి తెచ్చో పంపారనుకోండి, ఆ పిల్ల ఊళ్ళు చూడదు, వడ్డీ కట్టడానికే అక్కడ చాకిరీ చేస్తుంది. అందుకని నా మటుకు నేను ఒక్కటే షరతు పెడతాను. రెండు మూడేళ్ళు ఉద్యోగం చేసి తన డబ్బు తను కూడబెట్టుకున్న పిల్లలే వెళ్ళాలి. తిరుగు ప్రయాణం డబ్బు ఏమైనా సరే ముట్టుకోకూడదు.

బ్రిటన్‌కీ ఇలాంటిదే ఉంది. యంగ్ ప్రొఫెషనల్స్ స్కీమ్ అంటారు. 2023లో మొదలైంది. ఏడాదికి 3,000 మంది, రెండేళ్ళు ఉండొచ్చు, డిగ్రీ ఉండాలి. లాటరీకి డబ్బు కట్టక్కర్లేదు. బ్యాంకులో 2,530 పౌండ్లు వరసగా 28 రోజులు కదలకుండా ఉండాలి. వీసా రుసుము కాక, వైద్యం కోసమని ఏడాదికి 776 పౌండ్ల చొప్పున రెండేళ్ళదీ ముందే కట్టించుకుంటారు. అంటే గడప దాటకముందే మంచి బరువు. తిరగడం కోసమే అయితే ఆస్ట్రేలియా దారే కాస్త తేలిక అని నా అభిప్రాయం.

అన్నట్టు, ఉత్త టూరిస్టు వీసా మీద వెళ్ళి పని చేసుకోవచ్చని ఎవరైనా చెప్తే నమ్మకండి. అది నేరం. పట్టుబడితే వెనక్కి పంపించేస్తారు, మళ్ళీ వీసా రావడం కష్టమవుతుంది.

ఇక మనకి బాగా వచ్చిన లెక్కలోకి వద్దాం, నెల పద్దు! ఆస్ట్రేలియాలో 2025 జూలై నుంచి కనీస కూలి గంటకి 24 డాలర్ల 95 సెంట్లు. రోజువారీ పిలుపు మీద పనికి పెట్టుకుంటే దాని మీద నూటికి 25 ఎక్కువ ఇవ్వాలి. మనం తక్కువే వేసుకుందాం. వారానికి 38 గంటలంటే దాదాపు 948 డాలర్లు. ఈ వీసా వాళ్ళకి మొదటి డాలరు నుంచే నూటికి 15 చొప్పున పన్ను. అది పోగా చేతికి 806 వస్తుంది. మా అమ్మాయి హాస్టల్లో మంచానికి వారానికి 250 ఇచ్చింది. తనే వండుకుంటే తిండికి 80. ఫోను, బస్సు, సబ్బులూ గట్రా ఓ 76. మిగిలింది 400. పది వారాలు అలా చేస్తే 4,000 డాలర్లు. ఆ డబ్బుతో నెల పైన తిరగొచ్చు.

కానీ ప్రతి వారమూ 38 గంటలు దొరకదు సుమా! వాన పడితే పని లేదు. కాయ పండకపోతే పని లేదు. హాస్టలు అద్దె మాత్రం ఆగదు. ఆ 5,000 డాలర్లు చూపించమనేది ఊరికే కాదు.

ఇంకో సంగతి. కూలి కాక యజమాని నూటికి 12 చొప్పున పింఛను ఖాతాలో వేయాలి. దేశం వదిలి వచ్చేశాక దాన్ని అడిగి తీసుకోవచ్చు గానీ, ఈ వీసా వాళ్ళకి అందులో నూటికి 65 పన్ను కింద పోతుంది! వందకి 35 చేతికొస్తాయన్నమాట. అయినా వదులుకోకూడదు. మన డబ్బు మనకి ఎంతొస్తే అంత.

మా చెల్లెలి కూతురు 2025 మార్చిలో వెళ్ళింది. ముందు మెల్‌బోర్న్‌లో ఓ కాఫీ హోటల్లో గిన్నెలు తోమింది, ఉల్లిపాయలు తరిగింది. ఇక్కడ మంచం మీదకి టీ అందుకున్న పిల్ల! సెప్టెంబరులో ఉత్తరాదిన కాథరిన్ అనే ఊరి దగ్గర మామిడి తోటలకి వెళ్ళింది. మనకి వేసవిలో వచ్చే మామిడి వాళ్ళకి సెప్టెంబరు నుంచి నవంబరు దాకా వస్తుంది. ఎండ నలభై డిగ్రీలు. మామిడి సొన చర్మానికి తగిలితే ఏమవుతుందో ఆవకాయ కాయలు కడిగిన మనకి వేరే చెప్పాలా? మనం ఏడాదికోసారి ఓ వంద కాయలతో సరిపెడతాం. వీళ్ళు రోజూ వేల కాయలతో పని చేయాలి. నిండు చేతుల చొక్కా, గ్లౌజులు లేకుండా చెట్టు దగ్గరికి వెళ్ళకూడదు. అయినా మొదటి వారం మెడ మీద బొబ్బలెక్కాయట. ఫోన్లో చూపించి నవ్వింది. మా చెల్లెలు ఏడ్చింది. అక్కడి కెన్సింగ్టన్ ప్రైడ్ అనే రకం బాగానే ఉంటుందిట గానీ మన బంగినపల్లి ముందు దిగదుడుపేనట!

ఆ డబ్బుతోనే నవంబరు చివర్న ఉలూరు అనే పెద్ద ఎర్ర కొండ చూసింది. తర్వాత టాస్మేనియా దీవికి వెళ్ళింది. అక్కడ డిసెంబరు నుంచి చెర్రీల కోత, మళ్ళీ పని.

భయాల మాట దాచను. 2016 ఆగస్టులో మియా ఐలిఫ్ చంగ్ అనే బ్రిటిష్ అమ్మాయి క్వీన్స్‌లాండ్‌లో హోమ్ హిల్ అనే ఊరి హాస్టల్లో తోటి ప్రయాణికుడి చేతిలో కత్తిపోట్లకి చనిపోయింది. వీసా పొడిగింపు కోసం పొలం పనికి వెళ్ళిన పిల్ల. ఆమెని కాపాడబోయిన టామ్ జాక్సన్ అనే కుర్రాడూ పోయాడు. మియా తల్లి రోజీ ఐలిఫ్ ఏడుస్తూ ఇంట్లో కూర్చోలేదు. తోటల్లో పని చేసే పిల్లల భద్రత కోసం, కూలి మోసాలకి వ్యతిరేకంగా పోరాడింది. ఒక తల్లి చేసిన పని అది. 2022 ఏప్రిల్ నుంచి అక్కడి తోటల్లో బుట్టల లెక్కన కూలి ఇచ్చినా, గంటకి కనీస కూలి తగ్గకూడదని నిబంధన వచ్చింది. అంతకు ముందు రోజంతా కోసినా చేతికి ఏమీ మిగలని సందర్భాలు ఉండేవి.

కాబట్టి మీ పిల్లకి ఇవి ముందే చెప్పి పంపండి. పని ఇప్పిస్తామని ముందే డబ్బు అడిగితే ఆ పని వద్దు. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇచ్చి ఉంచకూడదు. కూలి ఇచ్చిన మర్నాటికల్లా చీటీ ఇవ్వాలని అక్కడి చట్టం. ఆ చీటీలు, పని చేసిన గంటలు రోజూ పుస్తకంలో రాసుకోవాలి, మనం పాల లెక్క రాసుకున్నట్టే. కూలి ఎగవేస్తే ఫెయిర్ వర్క్ ఆంబుడ్స్‌మన్ అనే ప్రభుత్వ కార్యాలయం ఉంది, ఫిర్యాదుకి డబ్బు తీసుకోరు. అక్కడి ప్రభుత్వ వైద్యం మన వాళ్ళకి వర్తించదు, ఆరోగ్య బీమా ఇక్కడినుంచే చేయించాలి. ఊరు మారినప్పుడల్లా హాస్టలు పేరు, తోట చిరునామా ఇంటికి పంపాలి. ఇది అనుమానం కొద్దీ అడిగేది కాదని పిల్లకి అర్థమయ్యేలా చెప్పండి.

"పెళ్ళి కావలసిన పిల్లని ఒంటరిగా ఎలా పంపారు?" అని మా చెల్లెల్ని అడగనివాళ్ళు లేరు. అబ్బాయి వెళ్తే ఒక్కళ్ళూ అడగరు! నాకు తెలిసినంతలో, సొంత డబ్బుతో పోయి, సొంత కూలితో తిరిగి, వంటా పద్దూ తనే చూసుకున్న పిల్లకి సంబంధాలు తగ్గిపోతే అలాంటి సంబంధాలు పోవడమే మేలు. మా చెల్లెలు ఇంత గట్టిగా అనలేదు లెండి, నేనే అంటున్నాను.

వంట మాటొచ్చింది గనక, వెళ్ళేముందు నెల రోజులు మీ వంటగది వాళ్ళకి అప్పగించండి. హాస్టల్లో పది మందికీ కలిపి నాలుగు పొయ్యిలు ఉంటాయి, గంట సేపు నిలబడే వంటలు కుదరవు. ఒక్క గిన్నెలో అయ్యేవి నేర్పండి. కిచిడీ, టమాటా అన్నం, పప్పులోనే ఆకుకూర వేసి ఉడికించడం, గుడ్డు పొరటు. ఓ చిన్న కుక్కరు పెట్టెలో పెట్టండి. పొడులు, పచ్చళ్ళు ఇంట్లో కట్టినవి కాకుండా కంపెనీ సీలు, పేరు ఉన్న పొట్లాలైతే నయం. కోవా, పాలకోవా బిళ్ళలు, పచ్చి కరివేపాకు, పళ్ళు, మొలకెత్తే గింజలు పెట్టొద్దు, అక్కడ రానివ్వరు. ఏం పెట్టినా సరే, దిగేముందు నింపే కార్డులో తినే వస్తువులు ఉన్నాయని తప్పకుండా రాయమనండి. రాస్తే పనికిరానివి తీసేసుకుని మిగిలినవి ఇచ్చేస్తారు. రాయకుండా దొరికితే అక్కడికక్కడే జరిమానా వేస్తారు, పచ్చడి సీసా ఖరీదుకి వందల రెట్లు!