ఆ నాలుగు ఎందుకు రాయాలి?

బిడ్డా, సీ భాష మొదలుపెట్టిన పిల్లలు చాలామంది ఒకే చోట ఆగిపోతారు. ఒంటి వరుస అర్రేని ఫంక్షన్‌కి పంపడం తొందరగానే వస్తుంది. ‘ఇంట్ ఏ[ ]’ అని ఖాళీ బ్రాకెట్లు పెడితే కంపైలర్ ఏమీ అనదు. అదే ధైర్యంతో టూ-డీ అర్రేకి ‘ఇంట్ ఏ[ ][ ]’ అని రాస్తే మాత్రం ఒప్పుకోదు. ల్యాబ్‌లో పక్క సీటు పిల్ల “రెండో బ్రాకెట్లో నంబర్ వెయ్యి, పోతుంది” అంటుంది. వేస్తే ఎర్రర్ పోతుంది కూడా. దాన్నే రికార్డులో ఎక్కించి, సార్‌తో సంతకం పెట్టించుకుని ముందుకి వెళ్ళిపోతారు. మొదటి బ్రాకెట్ ఖాళీగా ఉండొచ్చు, రెండోది ఉండకూడదు అన్నది పరీక్ష కోసం బట్టీ పట్టే ముక్క అయిపోతుంది. నాకు బాధ అక్కడే. దాని వెనక ఉన్నది ఒక్క గుణకారం. ఎక్కాలు వచ్చిన ఎవరికైనా అందే లెక్క.

మన వర్ని దగ్గరి లెక్కే తీసుకుందాం. 1931లో మంజీర మీద నిజాంసాగర్ పూర్తయి, కాలువ నీళ్ళు పారాక ఈ నేలలో చెరుకు పెరిగింది. 1937లో బోధన్ శక్కర్‌నగర్‌లో నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టారు. 2015 డిసెంబర్‌లో మూతపడేదాకా, క్రషింగ్ మొదలైందంటే చుట్టుపక్కల ఊళ్ళ చెరుకు అటే కదిలేది. ఇప్పుడు ఎటు చూసినా వరే. అయినా చెరుకు బండి, కాంటా, తూకం చిట్టీ అంటే మన పెద్దవాళ్ళకి విడమరిచి చెప్పక్కర్లేదు.

మూడు ఊళ్ళ నుంచి నాలుగేసి బండ్లు వచ్చాయనుకో. తూకాలు క్వింటాళ్ళలో. పాఠం కోసం నేను వేసిన అంకెలే ఇవి:

వర్ని: 12, 14, 13, 15
రుద్రూరు: 11, 16, 12, 13
కోటగిరి: 15, 14, 12, 14

కాగితం మీద ఇది పట్టిక. అడ్డంగా మూడు వరుసలు, నిలువుగా నాలుగు. ప్రోగ్రామ్‌లో దీన్ని ‘ఇంట్ ఏ[3][4]’ అంటాం. కానీ మెమరీలో పట్టిక అంటూ ఏదీ ఉండదు. అక్కడ ఉన్నది ఒకటే పొడుగాటి బారు. వర్ని నాలుగు అంకెలు అయిపోగానే, మధ్యలో గీత గానీ ఖాళీ గానీ లేకుండా రుద్రూరు 11 మొదలైపోతుంది. కాంటా దగ్గర చిట్టీలు దారానికి గుచ్చి కట్ట కట్టినట్టు పన్నెండు చిట్టీలు వరుసగా ఉంటాయి. వాటి మీద తూకమే ఉంది, ఊరి పేరు లేదు.

మొత్తాలు వేసే గుమాస్తా వేరే గదిలో ఉన్నాడు. నువ్వు పిలిచే ఫంక్షన్ అతనే. నువ్వు పన్నెండు చిట్టీలకీ నకలు రాసి అతని చేతికివ్వవు. “కట్ట ఫలానా చోట మొదలవుతుంది” అని చెప్తావు, అంతే. ఇక నువ్వు “రుద్రూరు రెండో బండి ఎంత?” అని అడిగితే అతనికి ఏం తెలియాలి? మొత్తం ఎన్ని ఊళ్ళో అతనికి అక్కర్లేదు. ఒక్కో ఊరికి ఎన్ని చిట్టీలో మాత్రం తెలియాలి. నాలుగని తెలిస్తే వర్నివి నాలుగు దాటేసి, అక్కడి నుంచి రెండోది చూస్తాడు. తెలియకపోతే రుద్రూరు ఎక్కడ మొదలవుతుందో చూపించే గుర్తు ఆ కట్టలో ఎక్కడా లేదు.

కంపైలర్ చేసేదీ అచ్చంగా ఇదే. సీలో లెక్క సున్నా నుంచి మొదలు కాబట్టి కోటగిరి నాలుగో బండి ‘ఏ[2][3]’ అవుతుంది. కట్ట మొదలు 1000వ అడ్రస్ అనుకుందాం, ఒక్కో ఇంట్‌కి 4 బైట్లు. 2ని 4తో గుణించి 3 కలిపితే 11. పదకొండు గడులు దాటాలి, అంటే 44 బైట్లు. అడ్రస్ 1044. అడ్డు వరుస నంబర్‌ని నిలువు వరుసల సంఖ్యతో గుణించడం, దానికి నిలువు వరుస నంబర్ కలపడం, వచ్చినదాన్ని గడి సైజుతో గుణించడం. ఈ సూత్రంలో నిలువు వరుసల సంఖ్య ఉంది, అడ్డు వరుసల సంఖ్య ఎక్కడైనా కనపడుతోందా? లేదు. అందుకే ‘ఇంట్ ఏ[ ][4]’లో ముందు బ్రాకెట్ ఖాళీగా ఉన్నా పని నడుస్తుంది. నాలుగు లేకపోతే గుణకారమే లేదు. కంపైలర్ దాని కోసమే మొండికేస్తుంది.

ఆ నాలుగు బదులు మూడు రాశావనుకో. రుద్రూరు మొత్తం అడిగితే ఫంక్షన్ మూడు గడులు దాటి, అక్కడి నుంచి మూడు గడులు కలుపుతుంది. 15, 11, 16 కలిపి 42 అంటుంది. వర్ని నాలుగో బండి రుద్రూరు ఖాతాలో పడింది, రుద్రూరువి రెండు బండ్లు కోటగిరికి పోయాయి. చూడ్డానికి మామూలు అంకెలాగే ఉంటుంది కనుక ఎవరికీ అనుమానం రాదు. పాత టర్బో సీ కంపైలర్ అయితే “సస్పీషియస్ పాయింటర్ కన్వర్షన్” అని ఒక వార్నింగ్ ఇచ్చి ఊరుకునేది. వార్నింగే కదా అని పిల్లలు దాన్ని దాటేసేవాళ్ళు. 2024లో వచ్చిన జీసీసీ కంపైలర్ 14వ వెర్షన్ నుంచి ఇలాంటి తేడా సూటిగా ఎర్రరే అయింది. చాలా మంచి పని చేశారు. తప్పుడు మొత్తం చేతికి రావడం కన్నా ప్రోగ్రామ్ నడవకపోవడమే నయం.

మరి అడ్డు వరుసల సంఖ్య అసలు అక్కర్లేదా అంటే, అడ్రస్ కట్టడానికి అక్కర్లేదు గానీ ఎక్కడ ఆగాలో తెలియడానికి కావాలి. దాన్ని విడిగా ఇంకో ఇంట్‌గా పంపాలి. ఇక్కడే తెలివైన పిల్లలు ఇంకో గుంటలో పడతారు. మెయిన్‌లో ‘సైజాఫ్ ఏ’ అంటే 48, ‘సైజాఫ్ ఏ[0]’ అంటే 16, భాగిస్తే 3 వస్తుంది. బాగుంది కదా అని అదే లైన్ ఫంక్షన్ లోపల రాస్తారు. లోపల ఉన్నది అర్రే కాదు, దాని మొదలు చూపించే పాయింటర్. ఇప్పటి 64 బిట్ల మెషీన్లలో దాని సైజు 8. ఎనిమిదిని పదహారుతో భాగిస్తే ఇంట్‌లో సున్నా. లూప్ ఒక్కసారి కూడా తిరగదు, మొత్తం సున్నా వస్తుంది, ఎర్రర్ మాత్రం రాదు. ‘ఇంట్ ఏ[ ][4]’ అని నువ్వు రాసినా కంపైలర్ దాన్ని ‘ఇంట్ (*ఏ)[4]’ అని చదువుకుంటుంది. అంటే నాలుగు ఇంట్‌లున్న వరుసని చూపించే పాయింటర్. ముందు బ్రాకెట్లో నువ్వు 3 రాసినా, 300 రాసినా అది పట్టించుకోదు.

నకలు తీయలేదన్నాం కదా, దానికి ఇంకో ఫలితం ఉంది. గుమాస్తా చిట్టీ మీద 13 కొట్టేసి 31 రాస్తే అది అసలు చిట్టీయే. మామూలు ఇంట్‌ని పంపితే ఫంక్షన్‌లో చేసిన మార్పు బయటికి రాదని నేర్చుకున్నావు. అర్రేలో చేసిన మార్పు బయట కూడా కనిపిస్తుంది. లెక్క చూడ్డమే తప్ప దిద్దే పని లేని ఫంక్షన్ అయితే, అది తీసుకునే అర్రేకి ముందు ‘కాన్స్ట్’ అని రాయడం నేర్చుకో.

ఒక వరుస అర్రేకి ‘ఇంట్ *ఏ’ పనికొచ్చింది కాబట్టి టూ-డీ అర్రేకి ‘ఇంట్ **ఏ’ అని రాసేవాళ్ళూ ఉన్నారు. రెండు నక్షత్రాలంటే “ఆ చోట ఇంకో అడ్రస్ ఉంది, అక్కడికి వెళ్ళు” అని అర్థం. ఆ చోట అడ్రస్ ఏదీ? ఉన్నది వర్ని బండ్ల తూకాలు. కంపైలర్ వార్నింగ్‌తో వదిలేస్తే, 64 బిట్ల మెషీన్ 12నీ 14నీ కలిపి ఒక అడ్రస్ అనుకుని అక్కడికి పోతుంది. సెగ్మెంటేషన్ ఫాల్ట్ వచ్చి ప్రోగ్రామ్ ఆగిపోతుంది.

అసలు సీ భాష అర్రేకి నకలు ఎందుకు తీయదు? దీనికి మంచి కథ ఉంది. అమెరికాలో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్ ‘బీ’ అనే భాష కట్టాడు. అందులో అర్రే పేరుకి ఒక ప్రత్యేక గడి ఉండేది. ఆ గడిలో అర్రే మొదలు ఎక్కడో రాసి ఉండేది. 1970ల మొదట్లో డెన్నిస్ రిచీ దాన్ని సీగా మలుస్తూ స్ట్రక్చర్లు చేర్చబోయాడు. అప్పుడు అతని ముందున్నది యునిక్స్ ఫైళ్ళ జాబితా. ఒక్కో ఫైలుకి ఒక నంబర్, పద్నాలుగు అక్షరాల పేరు. పేరు అంటే అక్షరాల అర్రేనే. డిస్క్ మీద ఉన్నది ఉన్నట్టు స్ట్రక్చర్‌లో అమరాలంటే, ఆ అదనపు గడిని ఎక్కడ పెట్టాలి? చోటు లేదు. రిచీ ఆ గడినే తీసేశాడు. అర్రే పేరు ఎత్తగానే దాని మొదలు అడ్రస్ అప్పటికప్పుడు పుట్టేలా చేశాడు. ఫంక్షన్‌కి పేరు పంపినా వెళ్ళేది ఆ అడ్రసే. వాళ్ళ పీడీపీ-11 మెషీన్‌లో మొత్తం మెమరీ 24 కిలోబైట్లు. అంత ఇరుకులో పట్టికలకి నకళ్ళు తీయడం ఎలాగూ దండగే. ఇంత చిన్న నిర్ణయంతో అంత పెద్ద చిక్కు విడిపోయిన తీరు తలుచుకుంటే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

సీ పట్టికని అడ్డంగా పేరుస్తుంది గానీ, 1957లో ఐబీఎమ్ నుంచి వచ్చిన ఫోర్ట్రాన్ భాష నిలువుగా పేరుస్తుంది. ముందు మూడు ఊళ్ళ మొదటి బండ్లు, తర్వాత మూడు ఊళ్ళ రెండో బండ్లు. అక్కడ గుణించాల్సింది అడ్డు వరుసల సంఖ్యతో కాబట్టి ముందు కొలతే తప్పనిసరి, చివరిదానికి అంత పట్టింపు లేదు. సీలో నేర్చిన ముక్కని బట్టీ పట్టినవాడు అక్కడ తికమక పడతాడు, గుణకారం తెలిసినవాడికి అదీ ఇదీ ఒకటే. పైగా పట్టికతో పాటు దాని కొలతలు కూడా పంపే వీలు ఫోర్ట్రాన్‌లో 1960లలోనే ఉంది. సీ ప్రమాణంలోకి అది 1999లో గానీ రాలేదు. ఇప్పుడు ‘ఇంట్ ఆర్, ఇంట్ సీ, ఇంట్ ఏ[ఆర్][సీ]’ అని రాసుకోవచ్చు. కొలతలు ముందు రావాలి, అర్రే తర్వాత. మన కాలేజీల్లో ఏళ్ళ తరబడి నేర్పిన టర్బో సీ అంతకు ముందుది, దానికి ఇది తెలియదు. నీ ల్యాబ్‌లో పాతదే ఉంటే, పన్నెండు గడుల ఒంటి వరుస అర్రే పెట్టుకుని ‘ఏ[ఐ * 4 + జే]’ అని గుణకారం నువ్వే రాసుకో. ఇది ఏ కంపైలర్ మీదైనా నడుస్తుంది.

ఇలాంటి పట్టికకి వేసే అడ్డు మొత్తాలు, నిలువు మొత్తాలు పాఠం కోసం పుట్టినవి కావు. మన రుద్రూరులోనే చెరుకు, వరి పరిశోధన కేంద్రం ఉంది. రకాలను పోల్చే ప్రయోగాల్లో ఒకే రకాన్ని పొలంలో ఒక్కచోట కాకుండా కొన్ని బ్లాకుల్లో మళ్ళీ మళ్ళీ వేస్తారు. దిగుబడి పట్టికలో అడ్డంగా రకాలు, నిలువుగా బ్లాకులు వస్తాయి. అడ్డు మొత్తం రకం బలాన్ని చెప్తుంది, నిలువు మొత్తం ఆ చోట నేల ఎలాంటిదో చెప్తుంది. నేల తేడాని విడదీసి చూస్తే గానీ రకం గొప్పదో, దానికి దొరికిన మడి గొప్పదో తేలదు. ఈ పద్ధతిని ఇంగ్లండ్‌లో రోథమ్‌స్టెడ్ పరిశోధన పొలాల మీద గణాంక శాస్త్రవేత్త ఫిషర్ రూపొందించాడు. మన తెలుగువాడు, వాల్తేరులో ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లెక్కలు చదివిన కల్యంపూడి రాధాకృష్ణారావు, అంటే సీ.ఆర్.రావు, ఆ ఫిషర్ దగ్గరే కేంబ్రిడ్జిలో 1948లో డాక్టరేట్ తీసుకున్నారు. 2023లో స్టాటిస్టిక్స్ అంతర్జాతీయ బహుమతి అందుకున్నారు, ఆ ఏడాదే నూట రెండేళ్ళ వయసులో వెళ్ళిపోయారు. పట్టికలతో, మ్యాట్రిక్స్‌లతో ఆయన చేసిన పని ఇవాళ ప్రపంచమంతా వాడుతోంది.

సరే, కంప్యూటర్ ముందు కూర్చో. పై పట్టికతో రెండు ఫంక్షన్లు రాయి. అడ్డు మొత్తాలకి ఒకటి, నిలువు మొత్తాలకి ఒకటి. అడ్డంగా 54, 52, 55 రావాలి. నిలువుగా 38, 44, 37, 42 రావాలి. ఎటు కూడినా 161. తర్వాత ఫంక్షన్‌లో ఆ నాలుగుని మూడు చెయ్యి, కంపైలర్ ఏమంటుందో చదువు. ఒంటి వరుస పద్ధతిలో కూడా 4 బదులు 3తో గుణించి చూడు, అక్కడ కంపైలర్ నోరే ఎత్తదు. ఏ బండి ఏ ఊరి ఖాతాలోకి పోయిందో కాగితం మీద గీసి, రేపు పొద్దున తీసుకురా.