బయోచార్: ముందు ఎరువు పట్టించాలి, తర్వాతే మట్టిలో కలపాలి

హైదరాబాద్‌లోని నాగోల్ కాలనీల్లో ఇంటి ముందున్న కాస్త జాగా తవ్వితే ఎర్ర చల్క మట్టి వస్తుంది, లేదంటే ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఇటుక ముక్కలు, సిమెంటు పెళ్లలు కలిసిన మొరం. చల్కలో సేంద్రియ పదార్థం తక్కువ. నీరు ఎక్కువసేపు నిలవదు, వేసిన ఎరువు కూడా నీటితోపాటే కిందికి దిగిపోతుంది. బయోచార్ పనికొచ్చేది ఇలాంటి మట్టికే.

కట్టెలు, కంది కంప, కొబ్బరి చిప్పల వంటివాటిని గాలి బాగా తగ్గించి, సుమారు 350 నుంచి 700 డిగ్రీల వేడిలో మాడిస్తే మిగిలే బొగ్గే బయోచార్. అదే చెత్తను ఆరుబయట తగలబెడితే అందులోని కార్బన్ దాదాపు అంతా పొగై పోయి, బూడిద మిగులుతుంది. బొగ్గు చేస్తే సగం వరకు నిలుస్తుంది. ఆ బొగ్గు నిండా కంటికి కనపడని రంధ్రాలుంటాయి. నీరు, పోషకాలు వాటిలో ఆగుతాయి, సూక్ష్మజీవులు అక్కడ చేరతాయి.

దీనిమీద పరిశోధన మన పక్కనే జరిగింది. సంతోష్‌నగర్‌లోని కేంద్ర మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థ, అదే క్రీడా, పత్తి, కంది, మొక్కజొన్న, ఆముదం కట్టెల నుంచి బయోచార్ తీయడానికి డ్రమ్ముతో చేసిన చిన్న బట్టీని రూపొందించింది. కోత తర్వాత రైతులు చేలోనే కాల్చేసే కట్టెను తిరిగి ఆ నేలకే చేర్చాలన్నది దాని ఉద్దేశం.

ఇంటి తోటలో ఎక్కువమంది పొరబడే చోటు ఒకటుంది. బయోచార్ ఎరువు కాదు. మొక్కకు తిండి పెట్టదు, పెట్టిన తిండిని పట్టి ఉంచుతుంది. పొడి బొగ్గును నేరుగా కలిపితే అది మట్టిలోని నత్రజనిని ముందు తానే పట్టేసుకుంటుంది. కొన్ని వారాలపాటు ఆకులు పాలిపోయి, ఎదుగుదల తగ్గవచ్చు. అందుకే ఒక బకెట్ బయోచార్‌కు ఒక బకెట్ వర్మికంపోస్టు గానీ, బాగా మాగిన పశువుల ఎరువు గానీ కలిపి, తడిపి, నీడలో రెండు మూడు వారాలు ఉంచాలి. జీవామృతం చల్లితే మరీ మంచిది. ఆ రెండు బకెట్లకు ఎనిమిది బకెట్ల మట్టి కలిపితే బయోచార్ పదో వంతు అవుతుంది. కుండీలకు అంతకు మించి అవసరం లేదు.

బయోచార్ కొనాల్సిన పని కూడా లేదు. ఇస్త్రీ బండ్లకు కట్టెబొగ్గు అమ్మే దుకాణంలో అడుగున మిగిలే నలుసు చాలు. పెద్ద ముక్కలైతే తడిపి, శనగగింజంత అయ్యేలా నలగ్గొట్టాలి. పొడిగా దంచితే దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోతుంది. రాతిబొగ్గు వాడకూడదు. రంగు వేసిన కలప, ప్లైవుడ్ కాల్చిన బొగ్గు అసలే పనికిరాదు.

కలిపే ముందు మట్టి పిహెచ్ చూసుకోండి. బయోచార్ సాధారణంగా క్షార గుణం కలది. సిమెంటు కలిసిన మట్టిలో ఆ గుణం ముందే ఎక్కువ ఉంటుంది. పిహెచ్ 8 దాటిన చోట బయోచార్ మానేసి, కంపోస్టుతోనే సరిపెట్టడం మేలు.

కంపోస్టు ఒకటి రెండేళ్లలో కరిగిపోతుంది. బయోచార్ వందల ఏళ్లు నిలుస్తుంది. దాని గొప్పతనం అదే, జాగ్రత్త పడాల్సిందీ అందుకే. కలిపాక ఏరి తీయలేం. కాబట్టి ఒక్క కుండీతో మొదలుపెట్టి, ఒక పంట కాలం చూశాకే పెరడంతా వేయండి.