భయపడితే విశ్వాసం లేనట్టా?

పొద్దున్నే వినుకొండలో రైలెక్కి గుంటూరు వెళ్లారు. బయాప్సీ రిపోర్టు చూసి డాక్టరు 'క్యాన్సర్' అన్నారు. ఆ తర్వాత చెప్పినవేవీ చెవికెక్కలేదు. తిరుగు ప్రయాణంలో మిరప చేలు, పత్తి చేలు కనిపిస్తుంటే మనసులో లెక్కలు మొదలయ్యాయి. కోతలు ఎవరు చూస్తారు? అప్పు ఎలా తీరుతుంది? పిల్లల సంగతేంటి? రాత్రి ఇంట్లో అందరూ నిద్రపోయారు. మీకు మాత్రం గుండె దడ. దానికి తోడు ఇంకో బాధ: 'ప్రభువును నమ్ముకున్నవాళ్లం కదా, ఇంత భయమేంటి? నా విశ్వాసం ఇంతేనా?'

జబ్బు క్యాన్సర్ కావొచ్చు, గుండెది కావొచ్చు, కిడ్నీది కావొచ్చు. ముందు దించుకోవాల్సిన బరువు ఈ రెండో బాధే.

భయం తప్పు కాదు

ప్రమాదం ఉందని మెదడు గ్రహించగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె వేగంగా కొట్టుకుంటుంది, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. ఇది శరీర ధర్మం. విశ్వాసులకైనా, కానివారికైనా ఒకటే.

సువార్తలనే చూడండి. తనను పట్టుకునే ముందు రాత్రి గెత్సేమనేలో యేసుక్రీస్తు తీవ్ర వేదన పడ్డారు. ఆ గిన్నెను తప్పించమని తండ్రిని అడిగారు. తనతో మెలకువగా ఉండమని ముగ్గురు శిష్యులనూ కోరారు. ఆయనే వేదనను దాచుకోనప్పుడు మీరెందుకు దాచుకోవాలి? 'నాకు భయంగా ఉంది' అని చెప్పడం కూడా ప్రార్థనే.

'శిక్ష' అనుకుంటే ముప్పే

'ఏం పాపం చేశావో', 'విశ్వాసం చాలక తగ్గలేదు' వంటి మాటలు రోగిని లోలోపల కుంగదీస్తాయి. అమెరికాలో మనస్తత్వవేత్త కెన్నెత్ పార్గమెంట్ బృందం 55 ఏళ్లు దాటిన 596 మంది రోగులను రెండేళ్లపాటు గమనించి, 2001లో ఫలితాలు ప్రచురించింది. దేవుడు తమను వదిలేశాడని, తమపై ఆయనకు ప్రేమ లేదేమోనని మథనపడినవారిలో మరణాల ముప్పు ఎక్కువగా కనిపించింది. అంటే ఒకే విశ్వాసం ఒకరికి ఊతమైతే, మరొకరికి భారం కావొచ్చు.

పుట్టుగుడ్డి మనిషిని చూసి 'ఎవరు చేసిన పాపం? ఇతనిదా, తల్లిదండ్రులదా?' అని శిష్యులు అడిగితే, ఎవరిదీ కాదని యేసు చెప్పినట్టు యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయంలో ఉంది. ఎవరైనా మిమ్మల్ని నిందిస్తే ఈ సంగతి గుర్తుచేసుకోండి.

ప్రార్థనతో పాటు మందులు

2001లో ఇటలీ వైద్యుడు లూసియానో బెర్నార్డీ బృందం 23 మందితో జపమాల ప్రార్థన, యోగ మంత్రం చెప్పించి చూసింది. రెండింటిలోనూ శ్వాస నిమిషానికి ఆరుసార్లకు నెమ్మదించింది. శ్వాస నెమ్మదిస్తే గుండె దడ, ఆందోళన తగ్గడానికి తోడ్పడుతుంది.

అయితే 2006లో వెలువడిన మరో పెద్ద అధ్యయనాన్నీ తెలుసుకోవాలి. 1,802 మంది బైపాస్ రోగులపై చేసిన ఆ పరిశీలనలో, ఇతరులు చేసిన ప్రార్థన వల్ల ఆపరేషన్ తర్వాతి సమస్యలు తగ్గలేదు. కాబట్టి ప్రార్థన మనసును నిలబెడుతుంది, కీమోకు మాత్రం బదులు కాదు.

సువార్త రాసిన లూకాను పౌలు వైద్యుడిగానే పేర్కొన్నాడు. మన ప్రాంతంలోనూ 1883లో గుంటూరు వచ్చిన మిషనరీ వైద్యురాలు అన్నా కుగ్లర్ 1898లో ఆసుపత్రి తెరిచారు. మందు వేసుకోవడం విశ్వాసానికి వ్యతిరేకమైతే ఆమె ఆసుపత్రి ఎందుకు కడతారు?

రాత్రి భయం ముంచుకొస్తే

• లేచి కూర్చోండి. మీకు వచ్చిన చిన్న ప్రార్థనను రెండుగా విడగొట్టండి. సగం గాలి పీలుస్తూ, సగం నెమ్మదిగా వదులుతూ అనుకోండి. ఐదు నిమిషాలు చాలు.
• భయాలను కాగితంపై రాయండి. డాక్టరును అడగాల్సినవి ఒకవైపు, ఇంట్లో మాట్లాడుకోవాల్సినవి ఇంకోవైపు, దేవుడికి అప్పగించాల్సినవి చివర్లో.
• కొత్తగా ఛాతీ నొప్పి, ఆయాసం వస్తే భయమేలే అనుకోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

సంఘం ఏం చేయాలి?

పరామర్శకు వచ్చేవారు పది నిమిషాలు ప్రార్థించి, రోగి మాట వినాలి. 'స్వస్థత వచ్చేసింది, మందులు ఆపేయండి' అని ఎవరు చెప్పినా ఆపొద్దు. క్షయ మందులైతే మధ్యలో మానేస్తే జబ్బు మొండికేస్తుంది. ఇన్సులిన్ తీసుకునేవారు, కీమోలో ఉన్నవారు డాక్టరును అడగకుండా ఉపవాస ప్రార్థన చేయొద్దు. కీమోతో తెల్ల రక్తకణాలు తగ్గిన రోజుల్లో కిక్కిరిసిన కూటాలకు వెళ్లకండి. పాస్టరుగారినే ఇంటికి పిలవండి. ఆసుపత్రికి తోడు రావడం, పిల్లలకు అన్నం పెట్టడం, కోతల రోజున చేనులో ఒక పూట నిలబడటం వంటి సాయాలు అడగడానికి మొహమాటపడొద్దు.

రెండు వారాలకు మించి నిద్ర, తిండి లేకపోయినా, బతకాలని అనిపించకపోయినా మానసిక వైద్యులను కలవండి. టెలీ మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

ఈసారి గుంటూరు వెళ్లేటప్పుడు ఒంటరిగా వెళ్లకండి. చేతిలో ప్రశ్నల కాగితం, పక్కన మీ మనిషి ఉండనివ్వండి. భయం కూడా వెంట వస్తే రానివ్వండి. మీరు మాత్రం చికిత్స తేదీ తప్పకండి.